స్పెక్ట్రమ్ ప్లస్‌లో చిన్న ఆటల క్యాసెట్: అడాప్టర్ నుంచి పులి-మేక దాకా

ప్రశ్న హనుమకొండ నుంచి. పాత ఇంటి అటక మీద ఒక స్పెక్ట్రమ్ ప్లస్ (టీవీకి తగిలించి, క్యాసెట్ నుంచి ఆటలు ఎక్కించుకునే 1980ల నాటి సింక్లెయిర్ ఇంటి కంప్యూటర్) దొరికింది, అడాప్టర్ లేదు, పక్కన మూడు క్యాసెట్లున్నాయి. దసరా సెలవుల్లో పిల్లలు ఆడుకునేలా చిన్న చిన్న ఆటలు ఒక క్యాసెట్‌లో వేయాలి. అందులో పులి-మేక, అష్టాచెమ్మ లాంటివి మనమే రాసుకుని పెట్టుకోగలమా అన్నది అసలు సంగతి.

పెట్టుకోవచ్చు. పైగా ఆ మెషీన్‌కి సరిగ్గా సరిపోయే ఆటలు అవే. పరుగులు, దూకుళ్లు ఉన్న ఆటలకు అందులో ఉండే ప్రోగ్రామింగ్ భాష బేసిక్ చాలదు. గళ్ల మీద నిదానంగా జరిగే ఆటలకు కావలసినంత. అయితే ముందు మెషీన్ బతికి ఉందో లేదో చూడాలి, అదీ ఒక వరసలో: కరెంటు, బొమ్మ, కీబోర్డు, క్యాసెట్. ఆజ్ఞల పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. మీటల మీద ఇంగ్లిష్‌లో ఉంటాయి, పోల్చుకోవడం కష్టం కాదు.

అన్నిటికంటే పైలంగా ఉండాల్సింది అడాప్టర్ దగ్గర. ఇంట్లో ఉన్న ఏ అడాప్టరూ తెచ్చి గుచ్చొద్దు. స్పెక్ట్రమ్‌కి కావలసింది 9 వోల్టుల డీసీ. ప్లస్‌తో వచ్చిన అసలు అడాప్టర్ 1.85 ఆంపియర్లది. పిన్ను నడుమ మైనస్, బయటి గొట్టం ప్లస్. మనకు బజార్లో దొరికే రౌటర్ అడాప్టర్లు, కెమెరా అడాప్టర్లు దాదాపు అన్నీ దీనికి ఉల్టా, నడుమ ప్లస్. అది గుచ్చితే అడ్డుకునే ఏర్పాటు బోర్డు మీద లేదు. ముందు పోయేది కరెంటు భాగం, దాని వెనకాల మెమరీ చిప్పులు.

సులువైన దారి ఒకటుంది. గిటార్ పెడల్‌కి వాడే 9 వోల్టుల అడాప్టర్లు మామూలుగా నడుమ మైనస్‌తోనే వస్తాయి, పిన్ను సైజు కూడా అదే, 5.5కి 2.1 మిల్లీమీటర్లు. సంగీత వాయిద్యాల దుకాణంలో అడగండి. కానీ చాలావాటిలో 500 మిల్లీఆంపియర్లకు మించి ఉండదు, 1.5 ఆంపియర్లు లేదా ఆపైది చూసి తీసుకోవాలి. దొరక్కపోతే 9 వోల్టులు, 2 ఆంపియర్ల మామూలు అడాప్టర్ తెచ్చి, తీగ మధ్యలో కోసి, రెండు తీగలూ తారుమారు చేసి అతికించి, పైన స్లీవ్ వేయండి. ఎలా చేసినా మల్టీమీటర్‌తో చూడకుండా గుచ్చొద్దు: ఎర్ర ప్రోబ్ పిన్ను లోపల, నల్లది బయట పెడితే మీటర్‌లో మైనస్ 9 అని రావాలి. ఎప్పుడైనా అసలు సింక్లెయిర్ అడాప్టర్ దొరికితే లోడు లేకుండా 12 దాటి చూపిస్తుంది, అది ఖరాబు కాదు. అది రెగ్యులేటెడ్ కాదు కాబట్టి లోడు పడ్డాకే దిగుతుంది.

12 వోల్టుల అడాప్టర్‌తో కూడా నడుస్తుందని చెప్పేవాళ్లుంటారు. కొంతసేపు నడుస్తుంది. లోపల 7805 రెగ్యులేటర్ 5 వోల్టులకు మించినదంతా వేడిగా మార్చి పారేస్తుంది. 9 ఇస్తే 4 వోల్టుల వేడి, 12 ఇస్తే 7 వోల్టుల వేడి. రామగుండం, వరంగల్ మే నెల ఎండల్లో ఫ్యాను కింద ఉన్న మనిషికే ఊపిరాడదు, ఆ రెగ్యులేటర్‌కి బిగించిన రేకు ముక్క సంగతి ఇక చెప్పక్కర్లేదు. దసరాకు ఆ బాధ తక్కువే. ఏడాది పొడుగునా వాడే ఆలోచన ఉంటే 7805 స్థానంలో అదే మూడు కాళ్లతో కూర్చునే 1 ఆంపియర్ స్విచింగ్ రెగ్యులేటర్ వేయించండి, వేడి దాదాపు ఉండదు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడగండి, లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి.

మొదటిసారి కరెంటు ఇచ్చే ముందు డబ్బా విప్పి చూడటం మంచిది. కింది వైపు స్క్రూలు తీసి, పై మూత నెమ్మదిగా లేపండి. కీబోర్డు నుంచి బోర్డు మీదికి రెండు పలచని ప్లాస్టిక్ పట్టీలు పోతాయి, ఒకటి 5 గీతలది, ఒకటి 8 గీతలది. వాటిని వంచకుండా నిటారుగా పైకి లాగాలి. దాదాపు 40 ఏళ్ల ప్లాస్టిక్ అది, అప్పడంలా విరుగుతుంది. లోపల దుమ్ము బ్రష్షుతో సాఫ్ చేసి, స్తంభాల్లా ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల చివర జిగటగా ఏమైనా కారిందేమో చూడండి. కారితే మొత్తం సెట్టు మార్చాలి. కారకపోయినా ఇన్నేళ్ల తర్వాత మార్చడమే మేలు, ఖర్చు పెద్దగా కాదు.

ఇప్పుడు కరెంటు ఇచ్చి వెంటనే వోల్టేజీలు చూడాలి. కింది 16 కె (కిలోబైట్ల) మెమరీ ఎనిమిది 4116 చిప్పుల్లో ఉంటుంది, బోర్డు మీద ఐసీ 6 నుంచి ఐసీ 13 వరకు. ఈ చిప్పులకు మూడు రకాల కరెంటు కావాలి: 1వ కాలికి మైనస్ 5, 8వ కాలికి ప్లస్ 12, 9వ కాలికి ప్లస్ 5. 16వ కాలు గ్రౌండ్. మైనస్ 5 రాకుండా 12 ఒక్కటే వస్తుంటే ఆ క్షణమే ఆపేయండి. అలాగే ఉంచితే చిప్పులు ఒకటి తర్వాత ఒకటి కాలిపోతాయి. ఇలాంటప్పుడు ముందు అనుమానించాల్సింది టీఆర్ 4 ట్రాన్సిస్టర్‌ని, అది జెడ్‌టీఎక్స్ 650. పక్కన టీఆర్ 5, అది జెడ్‌టీఎక్స్ 213. మెమరీ చిప్పుల్లో ఏదైనా పోతే దాని వల్లనే టీఆర్ 4 కూడా పోతుంది కాబట్టి ట్రాన్సిస్టర్ మార్చి ఊరుకోకుండా, ఒక నిమిషం నడిపి, ఏ చిప్పు వేలు పెట్టలేనంత వేడెక్కుతుందో చూడాలి.

అన్నీ సరిగా ఉంటే తెర నల్లబడి, తెల్లబడి, కింద 1982 సింక్లెయిర్ రీసెర్చ్ అన్న వాక్యం వస్తుంది. అది వచ్చాక ఒక చిన్న పరీక్ష చేయండి. ప్రింట్ పీక్ 23732 + 256 * పీక్ 23733 అని కొట్టి ఎంటర్ నొక్కితే 65535 రావాలి (పీక్ అంటే మెమరీలో ఆ చోట ఉన్న అంకె చదవడం). 32767 వస్తే పై 32 కె మెమరీ పనిచేయడం లేదన్నమాట. అది జరిగినా నిరాశ పడొద్దు, మీ మెషీన్ 16 కె స్పెక్ట్రమ్‌గా నడుస్తున్నట్టే. 1983 నాటి జెట్‌ప్యాక్, అంతకు ముందు ఏడు వచ్చిన హంగ్రీ హొరేస్ 16 కెలోనే ఆడతాయి, కింద చెప్పే మన ఆటలు కూడా జాగ్రత్తగా రాస్తే పడతాయి.

బొమ్మ సంగతి. వెనక ఉన్న టీవీ సాకెట్ నుంచి యూహెచ్‌ఎఫ్ 36వ చానల్ మీద పాల్ సిగ్నల్ వస్తుంది. బ్రిటన్ పాల్‌కీ మన పాల్‌కీ శబ్దం దగ్గర తేడా ఉంటుంది కానీ స్పెక్ట్రమ్ శబ్దం టీవీకి పోదు, లోపలి చిన్న స్పీకర్‌లోనే మోగుతుంది, అందుకే ఇక్కడి డబ్బా టీవీలో ఏ ఇబ్బందీ ఉండదు. కొత్త ఎల్‌ఈడీ టీవీ అయితే మాడ్యులేటర్ (టీవీ సాకెట్ ఉన్న చిన్న రేకు డబ్బా) దగ్గర చిన్న మార్పు చేసి ఏవీ సిగ్నల్ తీసుకోవాలి. ఆ రేకు డబ్బాలోకి పక్క నుంచి రెండు తీగలు పోతాయి, ఒకటి 5 వోల్టులది, ఒకటి వీడియోది. రెండూ ఊడదీసి, 5 వోల్టుల తీగ చివర టేపు చుట్టి, డబ్బా లోపల సాకెట్ నడిమి పిన్నుకు తగులుతున్న రెసిస్టర్ వదులు చేసి, వీడియో తీగను 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా ఆ పిన్నుకు కలపాలి. కెపాసిటర్ ప్లస్ కాలు బోర్డు వైపు. స్పెక్ట్రమ్ ఇచ్చేది 312 గీతల బొమ్మ, ఇంటర్‌లేస్ ఉండదు. కొన్ని కొత్త టీవీలు దీన్ని సిగ్నల్‌గానే ఒప్పుకోవు. మార్పు సరిగ్గానే చేసినా బొమ్మ రాకపోతే ఇంకో టీవీ మీద పెట్టి చూశాకే బోర్డు మీద అనుమానపడండి. ఇంట్లో పాత చిన్న డబ్బా టీవీ ఉంటే దాన్ని మించింది లేదు.

కీబోర్డులో ఏ మీటలు పనిచేయడం లేదో చూస్తే జబ్బు ఎక్కడుందో అదే చెబుతుంది. ఒకే వరసలో పక్కపక్కన ఐదు మీటలు చచ్చిపోతే 8 గీతల పట్టీలో ఒక గీత తెగింది. నిలువుగా చెదురుమదురుగా ఎనిమిది పోతే 5 గీతల పట్టీలో ఒకటి తెగింది. కొస దగ్గరే విరిగితే అర సెంటీమీటరు కత్తిరించి మళ్లీ గుచ్చి చూడొచ్చు, ఒకసారికి పనిచేస్తుంది. వెండి పెయింట్ పూసి అతికించడం రెండు వారాల ముచ్చటే. కొత్త మెంబ్రేన్లు (ఆ పట్టీలున్న, మీటల కింది పలచని పొర) ఇప్పటికీ తయారవుతున్నాయి, పాత మోడల్‌ది కాకుండా ప్లస్‌కి సంబంధించినది అని చూసి తెప్పించుకోండి.

ఇక క్యాసెట్లు. ఆ మూడింటినీ నేరుగా స్పెక్ట్రమ్‌కి పెట్టొద్దు, ముందు కాపీ తీయాలి. వానాకాలాలు అటక మీద గడిపిన టేపు మీద తెల్ల బూజు ఉండొచ్చు, ప్లేయర్ తల (టేపును చదివే హెడ్) ఎదురుగా ఉండే చిన్న ఫెల్ట్ మెత్త ఊడిపోయి ఉండొచ్చు. మెత్త లేకపోతే టేపు తలకు ఆనదు, శబ్దం మందంగా వస్తుంది. ఇంకో పాడైన క్యాసెట్‌లోంచి మెత్త తీసి పెట్టుకోవచ్చు. ప్లేయర్ తల, రబ్బరు చక్రం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, క్యాసెట్‌ను ఒకసారి పూర్తిగా ముందుకూ వెనక్కూ తిప్పి, తర్వాత ల్యాప్‌టాప్‌లోకి 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో వేవ్ ఫైలుగా రికార్డు చేయండి. ఎంపీ3 వద్దు. చెవికి వినపడని తేడాలే పిండేసే పద్ధతి అది, ఇక్కడ ఆ తేడాలే డేటా.

టేపు మీద ఉండేది మామూలు చప్పుడే. సున్నా అయితే పొట్టి అల, ఒకటి అయితే దానికి సరిగ్గా రెట్టింపు పొడుగు అల. ప్రతి భాగం ముందు ఒకే స్వరంలో కూత, అది సుమారు 807 హెర్ట్జ్. కూత వస్తున్నప్పుడు తెర అంచున ఎరుపు, లేత నీలం పట్టీలు వెడల్పుగా, స్థిరంగా జరుగుతుండాలి. డేటా మొదలయ్యాక పసుపు, నీలం సన్న గీతలు వస్తాయి. లోడ్ కోసం జె మీట నొక్కి, కోట్ మీట రెండుసార్లు నొక్కి ఎంటర్ కొట్టండి. పట్టీలే రాకపోతే శబ్దం చాలలేదు. పట్టీలు వచ్చి ఆట పేరు కనపడకపోతే శబ్దం ఎక్కువై అల చదునైంది, లేదా తల వంకరగా ఉంది. పేరు వచ్చి మధ్యలో టేప్ లోడింగ్ ఎర్రర్ అంటే ఆ చోట టేపు నలిగి ఉంటుంది.

తల వంకర సరిచేసే స్క్రూ తల పక్కన స్ప్రింగుతో ఉంటుంది, చాలా ప్లేయర్లలో ప్లే నొక్కినప్పుడు చిన్న రంధ్రంలోంచి దొరుకుతుంది. క్యాసెట్ మోగుతుండగా స్క్రూను పావు చుట్టుకు మించకుండా అటూ ఇటూ తిప్పి, కూత ఎక్కడ పదునుగా వినిపిస్తే అక్కడ ఆపండి. టేపు ఖరాబు అని పారేసే క్యాసెట్లలో చాలావాటికి రోగం ఈ స్క్రూనే. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: ఒక క్యాసెట్ కోసం తిప్పితే ఇంకోదానికి చెడుతుంది, ఎందుకంటే ఏ క్యాసెట్ ఏ మెషీన్ మీద రికార్డయిందో దాని వంకరే దానికి ఉంటుంది.

ఫోన్ నుంచి కూడా లోడ్ చేయొచ్చు. ట్యాప్ ఫైళ్లను (స్పెక్ట్రమ్ క్యాసెట్ డేటా ఫైలుగా ఉండే రూపం) వేవ్‌గా మార్చి, వాల్యూమ్ దాదాపు పూర్తిగా పెట్టి, ఈక్వలైజర్, బాస్ బూస్ట్ లాంటివన్నీ ఆపేసి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. మధ్యలో మెసేజ్ వచ్చి టింగుమంటే ఐదు నిమిషాల లోడింగు పాయె. చాలా ఫోన్లలో శబ్దం చాలదు, అప్పుడు మధ్యలో చిన్న హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ పెట్టుకోవాలి. ఎస్‌డీ కార్డు ఇంటర్‌ఫేసులు కూడా ఉన్నాయి, వెనక అంచు కనెక్టర్‌కి తగిలిస్తారు. అవే కాదు, జాయ్‌స్టిక్ ఇంటర్‌ఫేస్ అయినా సరే, కరెంటు ఉండగా గుచ్చడం, పీకడం చేయొద్దు. కొంచెం పక్కకు జరిగినా 9 వోల్టుల గీత పక్క గీతకు తగులుతుంది.

రెడీమేడ్ ఆటల్లో ఏవి తీసుకోవాలన్నది మీ ఇష్టం. స్పెక్ట్రమ్‌తో పాటు ఇచ్చిన హొరైజన్స్ క్యాసెట్‌లో త్రూ ద వాల్ అని బంతితో గోడ పగలగొట్టే ఆట ఉంది, పూర్తిగా బేసిక్‌లో రాసింది, లిస్ట్ కొట్టి చదువుకోవచ్చు. నేర్చుకోవడానికి మంచిది. 1984 నాటి జెట్ సెట్ విల్లీ లాంటివాటి జోలికి మొదట్లో పోవద్దు, క్యాసెట్‌తో వచ్చిన రంగుల కార్డు లేకపోతే మొదలే కాదు. అలాగే ఎవరైనా బడి రోజుల ప్రోగ్రాం కాగితాలు ఇస్తే అవి ఏ మెషీన్‌వో చూడండి. 1984లో మొదలైన క్లాస్ పథకంలో (బడుల్లో కంప్యూటర్ నేర్పే ప్రభుత్వ పథకం) బడులకు వచ్చింది బీబీసీ మైక్రో. దాని బేసిక్ వేరు, ప్రొసీజర్లున్న ఆ లిస్టింగులు స్పెక్ట్రమ్‌లో ఉన్నవి ఉన్నట్టు నడవవు.

మన ఆటలు రాసేటప్పుడు ముందే తెలిస్తే మంచివి కొన్ని. స్పెక్ట్రమ్ బేసిక్ గో టు చూసిన ప్రతిసారీ ఆ నంబరు కోసం మొదటి లైను నుంచి వెతుకుతుంది. అందుకే తిరుగుతూ ఉండే ముఖ్య భాగం 10, 20 లాంటి చిన్న నంబర్లలో, ఒక్కసారే జరిగే గీతలు, డేటా 9000 దగ్గర పెట్టండి. ఈ ఒక్క మార్పుతోనే పెద్ద ప్రోగ్రాముల్లో తేడా కంటికి కనపడుతుంది. పోక్ అంటే మెమరీలో ఒక చోట ఒక అంకె పెట్టడం. పోక్ 23658, 8 అంటే పెద్దక్షరాలు స్థిరపడతాయి, లేకపోతే పిల్లలు క్యాప్స్ నొక్కిన ప్రతిసారీ ఆట మీట వినదు. తెర నిండినప్పుడు స్క్రోల్ అని అడగకుండా పోక్ 23692, 255. మీట చదివేటప్పుడు ముందు ఇన్‌కీ$ (ఆ క్షణం నొక్కి ఉన్న మీట) ఖాళీ అయ్యేదాకా ఆగి, తర్వాత నిండేదాకా ఆగాలి. మొదటి సగం మరిచిపోతే ఒక్క నొక్కుడుకే రెండు ఎత్తులు పడతాయి. పాజ్ ఆజ్ఞను నమ్ముకోవద్దు, ఏ మీట నొక్కినా అది మధ్యలోనే తెగుతుంది. ఆగడానికి ఖాళీ ఫర్-నెక్స్ట్ చుట్టే నయం.

పులి-మేక బల్లకు మన దగ్గర ఎక్కువగా కనపడే రూపం తీసుకుందాం: పైన శిఖరం ఒక బిందువు, కింద ఆరేసి బిందువుల వరసలు మూడు, అడుగున నాలుగు. మొత్తం 23. మూడు పులులు, పదిహేను మేకలు. చాలామంది చేసే తప్పు ఏమిటంటే ఏ బిందువు దేనికి పక్కన ఉందో తెర మీది దూరాలు లెక్కగట్టి తేల్చాలని చూడటం. ఏటవాలు గీతల దగ్గర అది తప్పకుండా తేడా కొడుతుంది. లెక్క వద్దు, పట్టిక పెట్టుకోండి.

డిమ్ ఏ$(23,23) అంటే 529 అక్షరాల గళ్ల పట్టిక తయారై, అన్ని గళ్లలో ఖాళీ అక్షరం, అంటే కోడ్ 32, నిండుతుంది. నంబర్ల డిమ్ వాడితే గడికి 5 బైట్ల చొప్పున 2645 అవుతాయి, అందుకే అక్షరాల పట్టిక. ఐ అనే బిందువు నుంచి జె అనే బిందువుకు గీత ఉంటే ఆ గడిలో కోడ్ 100 ఉన్న అక్షరం పెట్టండి. ఐ నుంచి మధ్యలో కె మీదుగా సూటిగా జెకు దూకగలిగితే ఆ గడిలో కె నంబరు అక్షరాన్నే పెట్టండి, అది 1 నుంచి 23 లోపే ఉంటుంది. ఆట నడిచేటప్పుడు కోడ్ ఏ$(ఐ,జె) ఒక్కటి చూస్తే చాలు: 32 అయితే కుదరదు, 100 అయితే నడక, 24 కంటే తక్కువైతే దూకుడు, చావాల్సిన మేక ఎక్కడుందో కూడా ఆ నంబరే. మధ్యలో నిజంగా మేక ఉందా, దిగే చోటు ఖాళీయా అన్న రెండు చూపులే మిగులుతాయి. ఏ$ పట్టికకు వాడాక అదే పేరుతో మామూలు స్ట్రింగ్ పెట్టుకోలేరు, ఎర్రర్ వస్తుంది.

డేటాలో ఎంత కొట్టాలో కూడా లెక్క చూసుకోండి, తప్పు పట్టుకోవడానికి పనికొస్తుంది. ఈ బల్లలో అడ్డ గీతల ముక్కలు 18, పై నుంచి కిందికి పోయేవి 20, కలిపి 38 జతలు. సూటిగా మూడు బిందువులున్న వరసలు అడ్డంగా 14, కిందికి 14, కలిపి 28. రీడ్ చేశాక ప్రతిదాన్నీ రెండు దిక్కులా నింపాలి, ఐ-జె ఒకసారి, జె-ఐ ఒకసారి. నింపడం అయ్యాక పట్టికలో 32 కాని గళ్లు లెక్కపెడితే 76కి 56 కలిపి 132 రావాలి. రాకపోతే డేటాలో ఎక్కడో వేలు జారింది. మీ ఊరి బల్లలో గీతలు వేరుగా ఉంటే ఈ అంకెలు మారతాయి, ప్రోగ్రాం మాత్రం మారదు.

బిందువులకు ఏ నుంచి డబ్ల్యూ వరకు ఇంగ్లిష్ అక్షరాలు పేర్లుగా పెట్టండి, సరిగ్గా 23 అవుతాయి. నొక్కిన అక్షరం కోడ్‌లోంచి 64 తీసేస్తే బిందువు నంబరు. బొమ్మ గీసేటప్పుడు ప్రతి బిందువూ ఒక అక్షరం గడి నడుమ పడాలి: ఆర్ వరస, సి నిలువు అయితే ప్లాట్ ఎక్స్ 8*సి+4, వై 171-8*ఆర్. డ్రా ఆజ్ఞకు చివరి చోటు కాదు, ఎంత జరగాలో ఇవ్వాలి. ఇక్కడే గీతలు తెర బయటికి పోయి ఎర్రర్ వస్తుంది. ఖాళీ బిందువుకు కూడా ఒక చిన్న సున్నా బొమ్మను యూడీజీగా (మనమే గీసుకునే ఒక గడి అక్షరం) తయారు చేసుకోండి. లేకపోతే మేక కదిలాక ఆ గడిలో ఖాళీ ప్రింట్ చేసినప్పుడు గీత తెగి కనపడుతుంది. పులి పసుపు, మేక తెలుపు లాంటి రంగులు గడి గడికి ఒకటే పడతాయి కాబట్టి రెండు కాయలు ఒకే గడిలోకి రాకుండా వరసల మధ్య కనీసం మూడు గళ్లు వదలండి.

పులులు మూడూ కట్టుబడ్డాయా అన్నది 69 గళ్లు చూడాల్సిన పని, బేసిక్‌లో కాస్త ఆలస్యం అవుతుంది. అందుకని మేక ఎత్తు అయ్యాక మాత్రమే చూడండి, పులి ఎత్తు తర్వాత అక్కర్లేదు. ఇద్దరు మనుషులు ఆడే ఆటగానే ఉంచండి. కంప్యూటర్‌తో ఆడించాలని బేసిక్‌లో మొదలుపెడితే ఒక్కో ఎత్తుకు పిల్లలు లేచిపోయేంత సేపు పడుతుంది.

అష్టాచెమ్మలో తప్పు జరిగేది గవ్వల దగ్గర. 1 నుంచి 8 మధ్య ఏదో ఒక అంకె తీస్తే అది అష్టాచెమ్మ కాదు. నాలుగు గవ్వలు విడివిడిగా వేయాలి, ఇంట్(ఆర్‌ఎన్‌డీ*2) నాలుగుసార్లు (ఆర్‌ఎన్‌డీ 0కీ 1కీ మధ్య ఏదో ఒక అంకె ఇస్తుంది), కలిపి సున్నా వస్తే అష్ట, నాలుగు వస్తే చెమ్మ. ఇలా వేస్తే పదహారింట్లో రెండు ఆరుసార్లు, ఒకటి, మూడు నాలుగేసిసార్లు, చెమ్మ, అష్ట ఒక్కోసారి వస్తాయి. నిజం గవ్వలు ఇంత సమానంగా పడవు, మీ ఇంటి గవ్వల్లా అనిపించాలంటే 2 బదులు ఆర్‌ఎన్‌డీని 0.5 కంటే కొంచెం అటో ఇటో పోల్చి సర్దుకోవచ్చు. ఆట మొదట్లో ఒక మీట నొక్కించి, తర్వాత ర్యాండమైజ్ అనండి. లేకపోతే మెషీన్ ఆన్ చేసిన ప్రతిసారీ అవే పందేలు అదే వరసలో వస్తాయి, పెద్ద పిల్లలు రెండో రోజుకే కనిపెడతారు. దారికి నాలుగు పట్టికలు అక్కర్లేదు: బయటి చుట్టు 16 గళ్లు, లోపలి చుట్టు 8, నడుమ ఒకటి. ఒక ఆటగాడి దారి డేటాలో పెడితే మిగతావాళ్లకు బయట నాలుగేసి, లోపల రెండేసి గళ్లు జరిపితే సరి.

వామనగుంటలు అన్నిటికంటే చిన్నది, డిమ్ జి(14) చాలు. 14 దాటితే 1కి రావడం, గింజ గింజకూ ఒక చిన్న బీప్. బీప్ 0.03 కంటే ఎక్కువ పెట్టకండి, అది మోగినంతసేపు ప్రోగ్రాం ఆగుతుంది.

తెలుగు అక్షరాలు తెర మీద రావాలంటే ఒక్క గడి చాలదు. 8కి 8 చుక్కల్లో గుడి, కొమ్ము, ఒత్తు పట్టవు. రెండు అడ్డం, రెండు నిలువు గళ్లు, అంటే అక్షరానికి నాలుగు గళ్లు కావాలి. యూడీజీలు 21 మాత్రమే, ఐదు అక్షరాలకే అయిపోతాయి. పులి గెలిచింది, మేక గెలిచింది అన్న రెండు మాటలకే ఏడు వేర్వేరు అక్షరాలు కావాలి: పు, లి, మే, క, గె, చిం, ది. అందుకని కొత్త అక్షరాల పట్టిక పెట్టుకోవాలి. క్లియర్ 63999 అని మెమరీ కాపాడుకుని, 64000 నుంచి 768 బైట్లు పోక్ చేయండి, అది 96 గళ్లు, అంటే 24 తెలుగు అక్షరాలు. తెలుగు ప్రింట్ చేసే ముందు పోక్ 23607, 249, అయ్యాక పోక్ 23607, 60. తిరిగి మార్చడం మరిచిపోతే లిస్టు, ఎర్రర్లు అన్నీ పిచ్చి గీతల్లా కనపడతాయి, భయపడొద్దు, కళ్లు మూసుకుని ఆ రెండో పోక్ కొట్టండి. ఈ పట్టిక 48 కెలో మాత్రమే. 16 కె అయితే ఇంగ్లిష్‌లోనే సరిపెట్టుకోవాలి.

ఇవన్నీ ముందు ఫ్యూజ్ లాంటి ఎమ్యులేటర్‌లో (ల్యాప్‌టాప్‌ను స్పెక్ట్రమ్‌లా నడిపించే ప్రోగ్రాం) కొట్టి, సరిగ్గా నడిచాకే అసలు మెషీన్‌కి తేవడం మంచిది. నేరుగా స్పెక్ట్రమ్‌లోనే కొట్టేటట్టయితే అరగంటకోసారి సేవ్ చేయండి. కరెంటు రెప్పపాటు పోయినా అంతా పోతుంది, ప్లస్ ఎడమ పక్కన రీసెట్ మీట కూడా ఉంటుంది, చిన్న పిల్లల వేలు అక్కడికే పోతుంది. దాని మీద టేపు ముక్క అతికించండి.

చివరికి క్యాసెట్ నింపడం. మామూలు రకం సి-60 తీసుకోండి. సి-90 టేపు పలచన, వద్దు. సేవ్ చేసేటప్పుడు మైక్ తీగ (స్పెక్ట్రమ్ నుంచి రికార్డరుకు పోయేది) ఒక్కటే ఉంచి ఇయర్ తీగ (రికార్డరు నుంచి స్పెక్ట్రమ్‌కి వచ్చేది) పీకేయాలి. రెండూ ఉంటే చప్పుడు తిరిగి లోపలికి వచ్చి రికార్డింగు చెడుతుంది. టేపు మొదటి పారదర్శక భాగం దాటించి, సేవ్, కోట్‌లలో పేరు, లైన్ 1 అని కొడితే లోడ్ కాగానే ఆట దానంతటదే మొదలవుతుంది. పేరు పది అక్షరాలకు మించకూడదు. 5 కె ప్రోగ్రాంకి సుమారు ముప్పావు నిమిషం పడుతుంది. ఒక్కో ఆట వెంటవెంటనే రెండుసార్లు సేవ్ చేసి, వెనక్కి తిప్పి, ఇయర్ తీగ పెట్టి వెరిఫై చేయండి. ఓకే రాకపోతే ప్రోగ్రాం ఇంకా మెమరీలోనే ఉంటుంది కాబట్టి శబ్దం సర్ది మళ్లీ సేవ్ చేయొచ్చు. ఆటకూ ఆటకూ మధ్య పది సెకన్లు ఖాళీ వదిలి, కౌంటర్ అంకె అట్ట మీద రాయండి. పక్కకు ఆరు ఆటలకు మించి పెట్టొద్దు, పిల్లలు వెతుక్కునే ఓపిక అంతే. అంతా అయ్యాక క్యాసెట్ వెనక అంచున ఉన్న రెండు ప్లాస్టిక్ పెచ్చులూ విరిచేయండి, పొరపాటున రికార్డ్ నొక్కినా చెరగదు.